నాంచారయ్య బొటనవేలు

ఫిజియోథెరపీ చదివి కొత్తగా ఉద్యోగంలో చేరబోయే పిల్లలకి ముందుగా ఒక సంగతి. మిమ్మల్ని జనం మసాజ్ చేసే అమ్మాయి అనో, కరెంటు పెట్టే అబ్బాయి అనో పిలుస్తారు. కోపం తెచ్చుకోకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చాలా తెచ్చుకున్నాను. రక్తపోటు తప్ప ఏమీ మిగల్లేదు.

నా ఉద్యోగమంతా విజయవాడలో ఒక పెద్ద ఆస్పత్రిలో గడిచింది. అందులో ఎక్కువ కాలం చేతుల మీదే. విరిగిన మణికట్లు, తెగిన వేళ్లు, పక్షవాతంతో ముడుచుకుపోయిన పిడికిళ్లు. రిటైరయ్యాక మనుషుల పేర్లు మర్చిపోతున్నాను, మొహాలూ మర్చిపోతున్నాను, చేతులు మాత్రం మర్చిపోలేదు. సిటీ బస్సులో ఎవరైనా పైకమ్మీ పట్టుకుని నిలబడితే, ఆ చేతిమీద కుట్ల గీత చూసి "ఇది మనదే" అనుకున్న రోజులున్నాయి. ఆ చెయ్యిగలాయనకి నేను గుర్తుండను. ఉండక్కర్లేదు కూడా. చెయ్యి బాగుపడ్డవాడు చేతిని మర్చిపోవాలి, దాంతోపాటు మననీ మర్చిపోవాలి.

ఎప్పుడు ఏ పదోన్నతి వచ్చిందో ఇక్కడ రాయను. రిజిస్టర్ల గురించీ రాయను, అవి ఎలాగూ మిమ్మల్ని వదలవు. నాకు పని నేర్పిన రెండు మూడు చేతుల గురించి రాస్తాను.

ఏం చెయ్యాలనుంది?

కొత్తగా వచ్చిన పేషెంటుని నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. "ఈ చేత్తో ఏం చెయ్యాలనుంది?"

నూటికి తొంభైమంది "మామూలుగా అయితే చాలండీ" అంటారు. ఆ జవాబు ఒప్పుకోకండి. మామూలు అనేది ఎవరికీ ఉండదు. కాస్త ఆగి మళ్లీ అడగండి. అప్పుడు చెబుతారు. ఒకావిడ మనవరాలికి జడ వెయ్యాలంది. ఒక బ్యాంకు మేనేజరు, మొహం పక్కకి తిప్పుకుని, చొక్కా గుండీలు తనే పెట్టుకోవాలన్నాడు. లారీ డ్రైవరొకాయన "అన్నం కలుపుకోవాలమ్మా. చెంచాతో తింటుంటే ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నట్టుంది" అన్నాడు.

ఆ జవాబు దొరికిందా, సగం పని అయినట్టే. నొప్పి పుట్టే వ్యాయామం మనిషి మీకోసం చెయ్యడు, డాక్టరుగారి కోసం అసలే చెయ్యడు. జడ కోసం చేస్తాడు, ముద్ద కోసం చేస్తాడు.

ఈ సంగతి మా పెద్ద డాక్టరుగారికి పడేది కాదు. ఆయన చేతుల ఆపరేషన్లలో మహా నేర్పరి. తలవెంట్రుకంత సన్నని దారంతో కుడుతుంటే పక్కన నిలబడి ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. నోరు మాత్రం కారం. "ఏం చెయ్యాలనుందో అడగడానికి ఇది పెళ్లిచూపులా? ఎంత వంగుతోందో కొలిచి రాయండి" అనేవారు. కీలు ఎంత వంగిందో చూసే కొలబద్ద ఒకటి ఉంటుంది మాకు, రెండు కాళ్ల స్కేలులాంటిది. ఆయనకి అది చెప్పిందే వేదం. కానీ ఒకరోజు మంచి హుషారులో ఉండి ఇంకో మాట కూడా అన్నారు. "నేను కుట్టేస్తానమ్మా. కదిలించేది నువ్వు. ఈ రెంటికీ మధ్యలో వాడు భయపడతాడు. ఆ భయం నాకు కనపడదు, అది నువ్వు చూసుకోవాలి." ఆయన మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క మాటతో సగమైంది.

జంతికల గొట్టం

పామర్రు నుంచి రాజ్యలక్ష్మిగారని ఒకావిడ వచ్చేవారు. ఇంట్లో పిండివంటలు చేసి అమ్ముతారు. బాత్‌రూములో జారిపడి కుడి మణికట్టు విరిగింది. అతుక్కుంది, వ్యాయామం చేయించాం, కొలబద్ద ప్రకారం అంతా బాగుంది. పెద్ద డాక్టరుగారు ఇంక రానక్కర్లేదని రాసేశారు. ఆవిడ మాత్రం కదల్లేదు.

"ఇంకా రాలేదమ్మా నా చెయ్యి" అన్నారు.

"ఏం రాలేదండీ? అన్నీ వంగుతున్నాయిగా."

"ఏమో, నాకు తెలీదు. రాలేదంతే."

డాక్టరుగారు వెళ్లిపోతూ, అది చేతిలో లేదు, మనసులో ఉందన్నారు. ఆ మాట మీరెప్పుడూ పేషెంటుతో అనకండి. నిజమైనా సరే.

మర్నాడు ఆవిడని ఇంట్లో వాడే ఇత్తడి జంతికల గొట్టం, ఒక డబ్బాలో కలిపిన పిండి తీసుకుని రమ్మన్నాను. తెచ్చారు. బల్లమీద కాగితం పరిచి నొక్కమన్నాను. పిడి తిప్పుతుంటే మొదటి చుట్టు బాగానే పడింది. పిండి అడుక్కి వచ్చేసరికి ఆవిడ మోచెయ్యి పైకి లేచి, భుజం ముందుకి వచ్చి, మణికట్టు చేయాల్సిన పని ఒళ్లంతా కలిసి చేస్తోంది. ఆవిడకీ అప్పుడే తెలిసింది, నాకూ అప్పుడే తెలిసింది. సరిగ్గా ఆ వేళకి పెద్ద డాక్టరుగారు లోపలికి వచ్చి "ఇది ఫిజియోథెరపీయా, స్వగృహ ఫుడ్సా?" అని అడిగారు. ఇంకొన్నాళ్లు ఆ ఒక్క తిప్పుడు మీదే పని చేశాం. చివరిరోజు ఆవిడ అందరికీ జంతికలు తెచ్చారు. డాక్టరుగారు రెండు పొట్లాలు ఇంటికి పట్టుకెళ్లారు.

కొలబద్ద కీలుని కొలుస్తుంది, చేతిని కొలవదు. తన చెయ్యి వచ్చిందో లేదో మనిషి తనకి పాతగా తెలిసిన పనిలోనే చూసుకుంటాడు. ఇది పుస్తకంలో ఒక్క వాక్యం. దీని పూర్తి అర్థం నాకు తెలిసింది నాంచారయ్య దగ్గర.

అన్నదమ్ములు

నాంచారయ్యది నాగాయలంక వైపు. చేపల వేటకి వెళ్లే కుటుంబం. తండ్రి, బాబాయి పడవ మీద ఉంటారు. వాళ్లు పంపిన చేపలూ రొయ్యలూ అందుకుని అన్నదమ్ములిద్దరూ విజయవాడ మార్కెట్లో అమ్ముతారు. కృష్ణలంకలో ఒక గది తీసుకున్నారు. అన్న వీరాస్వామికి ముప్పై దాటాయి, తమ్ముడికి పాతిక.

ఒకరోజు కరెంటు లేక ఐసు నలగ్గొట్టే మిషను తిరగలేదు. చేపలు కరెంటు వచ్చేదాకా ఆగవు కదా. వీరాస్వామి ఐసు దిమ్మెని గొడ్డలితో కొడుతున్నాడు. దిమ్మె జారకుండా తమ్ముడు పట్టుకున్నాడు. తడిచేతిలో గొడ్డలి తిరిగి, నాంచారయ్య ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది.

మన వైపు నరం తెగిందంటారు. నరం వేరు. ఇక్కడ తెగింది వేలిని లోపలినుంచి లాగే తాడు. అది తెగితే వేలు నిటారుగా నిలబడి ఉంటుంది, వంగమంటే వంగదు. పెద్ద డాక్టరుగారు ఆ తాడు కుట్టారు. అలా కుట్టిన తాడుతో మన పని చాలా నాజూకుగా ఉంటుంది. తొందరపడి లాగితే తెగుతుంది, భయపడి కదల్చకపోతే చుట్టూ ఉన్న కండకి అతుక్కుపోతుంది. అతుక్కుంటే ఇంక వేలు వేలు కాదు, కొయ్యముక్క.

మొదటిరోజే నా ప్రశ్న అడిగాను.

"ఆట ఆడాలండీ" అన్నాడు.

"ఏం ఆట? కబడ్డీయా?"

"కాదండీ. వీడియో గేమ్."

పక్క బల్ల దగ్గరున్న జూనియరు అమ్మాయి కిసుక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, దాచుకున్నాను. చేపల బుట్టలు ఎత్తాలనో, వల పట్టుకోవాలనో అంటాడనుకున్నాను మరి.

అతను మాత్రం చాలా శ్రద్ధగా చెప్పాడు. ఒక కత్తియుద్ధాల ఆట ఉందిట. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ సెకండ్ హ్యాండ్ వీడియో గేమ్ పెట్టె కొనుక్కుని, ఒకరి తర్వాత ఒకరు వంతులేసుకుని ఆ ఆట మొదటి భాగం ఆడారు. రెండో భాగం వస్తుందని కంపెనీవాళ్లు ఏళ్లుగా ఊరిస్తున్నారు. వాయిదా మీద వాయిదా. ఇప్పుడు ఖాయంగా వస్తోందని చెప్పారు. "అది వచ్చేసరికి నా వేలు రావాలండీ" అన్నాడు.

ఆ మర్నాడు సంచిలో ఆట ఆడే చేతిపెట్టె తెచ్చి చూపించాడు. రెండు చేతుల్తో పట్టుకోవాలి. ఎడమ బొటనవేలి కింద చిన్న గుబ్బ ఉంటుంది. దాన్ని ఎటు తోస్తే వీరుడు అటు కదులుతాడు. వేలు వంచి, గుబ్బమీద ఆనించి, చుట్టూ తిప్పాలి. నేను చూసి తెల్లబోయాను. నెలరోజులు కూర్చుని ఆలోచించినా ఆ వేలికి అంత మంచి వ్యాయామం కనిపెట్టలేను.

కుట్లు గట్టిపడి, కట్టు తీసి, వేలు మెల్లగా పనిలో పెట్టొచ్చన్నాక అలాగే చేయించాను. మా దగ్గర టీవీ లేదు, ఆట లేదు. ఖాళీ పెట్టె పట్టుకుని నాంచారయ్య గుబ్బ తిప్పేవాడు, ఏం జరుగుతోందో నాకు చెప్పేవాడు.

"ఇప్పుడు పక్కకి దూకాడండీ. ఇప్పుడు దున్నపోతు వచ్చాడండీ."

"దున్నపోతేంటి?"

"విరిగిన వంతెన మీద ఉంటాడండీ, రెండు గొడ్డళ్లతో. వాడికి ఇంగిలీషు పేరేదో ఉంది. మేమే దున్నపోతని పెట్టుకున్నాం. గొడ్డలి ఎత్తినప్పుడు దూకకూడదండీ, దించేటప్పుడు దూకాలి. ఒక్క రవ్వ ముందైనా చస్తాం, ఎనకైనా చస్తాం. ఆణ్ని దాటడానికి నాకు ఒక ఎండాకాలం పట్టింది. అన్నయ్య నాకంటే ముందే దాటాడు."

పెద్ద డాక్టరుగారు ఒకరోజు ఇది చూశారు. "ఏమ్మా, ఆటలాడుకోవడానికి వస్తున్నారా ఇక్కడికి?" అన్నారు. అని, నాంచారయ్య వేలు తన చేతిలోకి తీసుకుని వంచి చూశారు. ఇంకోసారి వంచి చూశారు. "ఊఁ. కానియ్యండి" అని వెళ్లిపోయారు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద మెప్పు ఉండదు.

వీరాస్వామి రోజూ తమ్ముడితో వచ్చేవాడు, లోపలికి మాత్రం వచ్చేవాడు కాదు. నీళ్ల సీసా, సంచి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడేవాడు. నేను కట్టు విప్పుతుంటే గోడమీద తగిలించిన ఎముకల బొమ్మ వంక చూసేవాడు. మొహమాటస్తుడనుకున్నాను.

ఆట వచ్చింది

ఆట విడుదలయ్యేనాటికి నాంచారయ్య వేలు చాలావరకు వచ్చింది. వంపు బాగుంది. బలం ఇంకొంచెం రావాలి. అరగంట ఆడి, ఆపి, మళ్లీ ఆడు అని చెప్పి పంపాను. బందరు లడ్డూలు పెట్టి వెళ్లాడు. ఆ రోజు అతని మొహం చూస్తే పెళ్లికొడుకు కూడా దిగదుడుపే.

తర్వాత రాలేదు. ఆడుతున్నాడు కాబోలు, పోనీలే, అదీ వ్యాయామమేగా అనుకున్నాను. వారం గడిచింది. అప్పుడు వీరాస్వామి ఒక్కడే వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగకుండా మొదటిసారి లోపలికి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"వాడు ఇంక రానంటున్నాడండీ."

"ఏం? ఆట రాలేదా?"

"వచ్చిందండీ. ఆడాడండీ. బాలేదన్నాడండీ."

"ఆట బాలేదా?"

"పైకి అలాగే అన్నాడండీ. నాలుగు రోజులు ఆడాడు. దూకాల్సిన చోట దూకలేకపోతున్నాడు. వేలు ఆలస్యంగా వెళ్తందంట. ఇంక ఇంతేలే అన్నయ్యా అన్నాడు. కైకలూరు దగ్గర రొయ్యల చెరువు కాపలాకి మనిషి కావాలంటే ఒప్పుకున్నాడండీ. టార్చిలైటు పట్టుకుని తిరిగే పని, ఒక చెయ్యి చాలంట. సోమారం వెళ్తాడు."

వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. చెరువుగట్టు మీద ఎవరూ ఆ వేలు వంచమని అడగరు. వాడని వేలు బిగుసుకుంటుంది. వచ్చిన వంపు కూడా వెనక్కి పోతుంది. పాతికేళ్ల కుర్రాడు, చేతికందిన పనంతా చేసుకోగలిగినవాడు, ఇంక తనది ఒంటిచెయ్యేనని నమ్మేసి వెళ్లిపోతాడు.

"నువ్వు ఆడి చూశావా? నీ చేతులు బాగానే ఉన్నాయిగా. నీకూ ఆలస్యంగానే కదిలితే తప్పు ఆటదే అవుతుంది" అన్నాను.

వీరాస్వామి తల వంచుకున్నాడు. "నేను ముట్టకూడదండీ. వాడికి చెయ్యి తెగిన రోజే అమ్మోరికి మొక్కుకున్నాను. వాడు ఆ కొత్త ఆట ఆడి, బాగుందన్నయ్యా అని నాతో అనేదాకా నేను దాన్ని ముట్టుకోనని. వాడికి తెలీదు. మా అమ్మకి తెలుసు."

ఎంత మంచి మొక్కో అంత చిక్కు మొక్కు. తమ్ముడు బాగుందంటే తప్ప అన్న ముట్టడు, అన్న ముడితే తప్ప బాలేనిది ఏమిటో తేలదు.

"ఇంకెవరూ ఆడలేదా?"

"పక్కగదిలో కాలేజీ అబ్బాయి ఆడి, సూపరుగా ఉందన్నాడండీ. ఆ అబ్బాయికి పాతది తెలీదు. నెట్లో సగంమంది బాగుందన్నారు, సగంమంది తిట్టారు. మావాడు బాగుందన్నోళ్ల మాటే పట్టుకున్నాడు. చేతులు బాగున్నోళ్లకి బాగానే ఉంది అన్నయ్యా అన్నాడు."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. గోడమీది బొమ్మ వంక అన్నాళ్లు ఎందుకు చూశాడో నాకు అప్పటికి అర్థమైంది. నా మీద నాకే విసుగొచ్చింది. రోగి చెయ్యి చూసినంత శ్రద్ధగా పక్కవాడి మొహం కూడా చూడండి, పిల్లలూ. చాలాసార్లు అసలు గాయం అక్కడ ఉంటుంది.

పాత ఆట

డ్యూటీ అయ్యాక ఆటో ఎక్కి కృష్ణలంక వెళ్లాను. పేషెంటు ఇంటికి వెళ్లడం మా ఆస్పత్రి పద్ధతి కాదు. పద్ధతులు నాకూ తెలుసు.

గది చిన్నది, శుభ్రంగా ఉంది. మంచం కంటే టీవీ పెద్దది. నన్ను చూసి నాంచారయ్య గబుక్కున లేచాడు.

"మీరెందుకండీ వచ్చారు?"

"టీ తాగుదామని. నీ కొత్త ఆట ఏదో చూపించు."

వీరాస్వామి స్టవ్ దగ్గరికి వెళ్లాడు. నాంచారయ్య ఇష్టం లేకుండానే ఆట పెట్టాడు.

నాకు ఆటలు తెలియవు. అయినా అన్నాళ్లు ఖాళీ పెట్టెతో నాకు చెప్పిన ఆట వేరు, టీవీలో కనిపిస్తున్నది వేరు. బొమ్మలు చాలా అందంగా ఉన్నాయి. గడ్డిపోచ గడ్డిపోచా కనిపిస్తోంది. ఆ గడ్డిలో వీరుడు నడుస్తున్నాడు, నడుస్తూనే ఉన్నాడు. పామర్రు నుంచి అవనిగడ్డ దాకా బస్సులో చేలు చూసుకుంటూ వెళ్లినట్టుంది, కాకపోతే కిటికీ గాలి లేదు. దారిలో ఒక ముసలాయన ఆపి కొండమీది ఆకులు కోసుకురమ్మన్నాడు. ఇంకొకావిడ తప్పిపోయిన మేకని వెతకమంది. కాసేపటికి శత్రువులు చుట్టుముట్టారు గానీ, రేషన్ షాపు దగ్గర నిలబడ్డట్టు ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా వచ్చారు. నాంచారయ్య ఒక్క మీట నొక్కితే వీరుడు తనంత తనే పది గంతులు వేసి నలుగుర్ని నరికాడు. ఆ సేపంతా నాంచారయ్య చేతులు ఒళ్లో ఊరికే ఉన్నాయి.

"అడుగోనండీ, దున్నపోతు" అన్నాడు.

దున్నపోతు బంగారు కవచం తొడుక్కుని వచ్చాడు. గొడ్డలి ఎత్తి దించాడు. వీరుడు అంగీ సర్దుకుని, నడుం వంచి, అప్పుడు దూకాడు. దెబ్బ తగిలి పడిపోయాడు.

"చూశారా అండీ? ఆలస్యం." నాంచారయ్య పెట్టె పక్కన పెట్టేశాడు. "వేలు వెళ్లట్లేదు."

నేను టీవీ చూడలేదు. వేలు చూశాను. వేలు ముందే వెళ్లింది.

"వెళ్లింది నాంచారయ్యా. నేను చూశాను. వీరుడే బద్ధకంగా కదిలాడు."

"జాలిపడి అంటున్నారండీ మీరు."

అదీ చిక్కు. నా కళ్లు, నా కొలబద్ద, పెద్ద డాక్టరుగారి "ఊఁ", ఏదీ అతను నమ్మడు. ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసిన ఆట అది. అది బాగుండకపోవడమనేది అతని ఊహకే రాదు. ఆటకీ వేలికీ మధ్య ఏదో ఒకటి తప్పు కావాలంటే, వేలే అంటాడు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. మన పనిలో ఆ సామెత తిరగేసి చదువుకోవాలి. కొత్తదాంతో ఎవరూ తమని తాము కొలుచుకోకూడదు.

"పాత ఆట ఉందా?"

"ఉందండీ, ఇందులోనే." అతని గొంతు తగ్గింది. "అది వద్దండీ."

"ఎందుకు?"

"అది నాకు కంఠతా వచ్చండీ. అందులో కూడా వేలు ఆడకపోతే ఇంక నాకేం మిగుల్తుందండీ?"

ధైర్యంగా ఉండు, ఏం కాదు అనే మాటలు నోటిదాకా వచ్చాయి. అవి చవక మాటలు. మింగేశాను. అప్పుడు వీరాస్వామి, టీ గ్లాసులు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డవాడు, అన్నాడు.

"ఆడరా నాంచారా. నీకేం చేశానో నాకు తెలియాలి."

నాంచారయ్య తలెత్తి అన్న వంక చూశాడు. "నువ్వేం చేశావన్నయ్యా? గొడ్డలి జారింది."

"పట్టుకున్నది నేనేగా."

"దిమ్మె పట్టుకున్నది నేనేగా."

ఈ మాట వాళ్లిద్దరి మధ్య అన్నాళ్లూ రాలేదని, ఆ మాట అన్న తీరులోనే తెలిసిపోయింది. ఒకే గదిలో, ఒకే గిన్నెలోది తింటూ ఒక్కసారి కూడా రాలేదు. నాంచారయ్య పెట్టె అందుకున్నాడు.

పాత ఆట బొమ్మలు మసకగా ఉన్నాయి. గడ్డి ఒకే పచ్చరంగు ముద్ద. ఆకులడిగే ముసలాయన లేడు. ఆట తిన్నగా విరిగిన వంతెన దగ్గరికే వెళ్లింది. దున్నపోతు ఇక్కడ ఒట్టి ఒంటితో, నల్లగా, రెండు గొడ్డళ్లతో ఉన్నాడు. మొదటిసారి నాంచారయ్య ముందే దూకి చచ్చాడు. "తొందర" అన్నాడు వీరాస్వామి. రెండోసారి కొంచెం దూరం పోయి చచ్చాడు. నాంచారయ్య నుదుట చెమట పట్టింది. నేను కూడా చీర కొంగు బిగించి పట్టుకున్నాను, నవ్వకండి. ఆ ముసలి బొమ్మ దున్నపోతు మీద ఒక కుర్రాడి చెయ్యి ఆధారపడి ఉంది.

మూడోసారి అతను దవడ బిగించడం మానేశాడు. వేలు దానంతటది తిరగడం మొదలుపెట్టింది. గొడ్డలి దిగుతోంది, వేలు పక్కకి. రెండోది దిగుతోంది, వేలు వెనక్కి. వంగాల్సిన చోట వంగుతోంది, జారాల్సిన చోట జారుతోంది. అది నేను నేర్పిన కదలిక కాదు. ఎప్పుడో ఒక ఎండాకాలంలో నేర్చుకున్నది, కుట్టిన తాడు గుండా తిరిగొచ్చింది. దున్నపోతు మోకాళ్ల మీద కూలబడి, వంతెన మీదనుంచి నీళ్లలో పడ్డాడు.

నాంచారయ్య తన బొటనవేలి వంక చూసుకున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, మళ్లీ కొత్త ఆట పెట్టాడు. బంగారు కవచం వాడు వచ్చాడు. గొడ్డలి దించాడు. వేలు వెళ్లింది, వీరుడు తీరిగ్గా అంగీ సర్దుకున్నాడు. ఈసారి నాంచారయ్య నవ్వాడు.

"అన్నయ్యా, చూడు ఈణ్ని. పైట సర్దుకుంటున్నాడు. చచ్చేముందు పైట సర్దుకుంటున్నాడన్నయ్యా." నవ్వుతూనే మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఇన్నేళ్లు దీనికోసమా మనం కాసుక్కూచుంది."

వీరాస్వామి గ్లాసులు కింద పెట్టాడు. "బాలేదా?" అన్నాడు.

"బాలేదు."

"నిజంగా బాలేదా?"

"ఏమీ బాలేదన్నయ్యా. ఇంత చెత్త ఆట నేను చూళ్లేదు."

ఆ మాట ఇంకోసారి చెప్పించుకుని వీరాస్వామి ఫోను తీశాడు. నాగాయలంకలో వాళ్లమ్మకి చేశాడు. "అమ్మా, ఆట బాలేదంట" అన్నాడు, ఉద్యోగం వచ్చిందని చెప్పినట్టు. అవతల ఆవిడ ఏమందో గానీ ఫోను నా చేతికిచ్చాడు.

"నిజం చెప్పండమ్మా" అంది ఆవిడ. "ఈళ్లిద్దరూ నాకు ఏదీ సరిగ్గా చెప్పరు. చెయ్యి బాలేక ఆట బాలేదంటన్నాడా?"

ఉద్యోగంలో ఎంతోమంది తల్లులకి ఎన్నో సంగతులు చెప్పాను. ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. "చెయ్యి బాగుందమ్మా" అన్నాను. "నేను చూశాను, వాడూ చూసుకున్నాడు. ఆటే బాలేదు."

ఆవిడ ఏడ్చింది. ఏడ్వనిచ్చాను. తర్వాత అంది, "అయితే పెద్దోణ్ని కూడా ఆడుకోమనండమ్మా. వాడి మొక్కు సంగతి నేను అమ్మోరికి చెప్పుకుంటాను. ఆట బాగుండకపోతే పిల్లోడేం చేస్తాడు, బాగుందని అబద్ధం చెప్పలేడుగా."

ఫోను దింపి వీరాస్వామికి ఆ మాట చెప్పాను. నాంచారయ్య "ఏం మొక్కు?" అన్నాడు. వీరాస్వామి కుళాయి దగ్గరికి వెళ్లి రెండు చేతులూ శుభ్రంగా కడుక్కుని, లుంగీకి తుడుచుకుని, వచ్చి తమ్ముడి పక్కన కూర్చుని ఆట పెట్టె అందుకున్నాడు.